కోట్ల కారైనా కాల్వ ముందు ఒక్కటే.. లగ్జరీ ఎస్‌యూవీల వింత ముగింపుల వెనుక అసలు కథ ఇదీ

కారు ధర కోటి. షోరూమ్ నుంచి బయటికొచ్చిన రోజు కొబ్బరికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వీధి వీధంతా స్వీట్లు పంచుతారు. మరి ఆ కారు చివరికి ఎక్కడికి చేరుతుంది? కొన్ని అట్లాంటిక్ సముద్రం అడుగున ఉన్నాయి. కొన్ని బుల్డోజర్ కింద నలిగిపోయాయి. కొన్ని కస్టమ్స్ గోడౌన్లలో దుమ్ము కొట్టుకుపోతున్నాయి. మరికొన్ని వరదలో మునిగి, కొత్త రంగు వేసుకుని, వేరే జిల్లాలో వేరే ఓనర్ ఇంటి ముందు నిలబడ్డాయి.

వినడానికి విడ్డూరంగా ఉన్నా, ఈ కథలన్నింటినీ జాగ్రత్తగా చూస్తే రెండే రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి నీళ్లు. రెండోది కాగితాలు. ఇంజిన్ ఎంత పవర్‌ఫుల్, లోపల సీట్లు ఎంత మెత్తన అన్నది ఆ టైమ్‌లో అక్కరకు రాదు. అడుగడుగునా కాల్వ, పక్కనే యానాం, ఏటా వరద ఉండే గోదావరి జిల్లాల వాళ్లకు ఈ రెండు కారణాలూ ఇంటి పక్కనే ఉన్నాయి. అందుకే ఈ లెక్కలు ఒకసారి తెలుసుకోవాలి.

రెండడుగుల నీళ్లు చాలు

పెద్ద కారు కదా, నీళ్లలో దూసుకుపోతుంది అనుకుంటారు చాలామంది. కంపెనీలు కూడా నీళ్లలో ఎంత లోతు వరకు వెళ్లొచ్చో చెబుతుంటాయి. ల్యాండ్ రోవర్ డిఫెండర్‌కు ఎయిర్ సస్పెన్షన్ ఉంటే 900 మిల్లీమీటర్లు. మెర్సిడెస్ జీ క్లాస్‌కు 700. మహీంద్రా థార్‌కు 650. బీఎండబ్ల్యూ ఎక్స్5 అయితే 500 మాత్రమే. అంటే కోటి రూపాయల ఎక్స్5 కంటే దానిలో ఐదో వంతు ధర కూడా లేని థార్ ఎక్కువ లోతులో నడుస్తుందన్న మాట.

అయితే ఇక్కడే అసలు మెలిక ఉంది. ఈ లెక్కలన్నీ నిలవ నీళ్లకు, అదీ మెల్లగా వెళ్లేటప్పటికి. పారే నీళ్లకు కాదు.

పారే నీళ్లలో ఏం జరుగుతుందో చిన్న లెక్క వేసి చూద్దాం. పెద్ద ఎస్‌యూవీ బరువు సుమారు 2,500 కిలోలు. కారు అడుగు భాగం నాలుగున్నర మీటర్ల పొడవు, దాదాపు రెండు మీటర్ల వెడల్పు, అంటే సుమారు ఎనిమిదిన్నర చదరపు మీటర్లు. నీళ్లు ఆ అడుగు భాగాన్ని తాకాక, పైకి లేచే ప్రతి సెంటీమీటర్ నీరూ కారును 85 కిలోల బలంతో పైకి నెడుతుంది. 30 సెంటీమీటర్లు పెరిగేసరికి ఆ బలం 2,550 కిలోలు. కారు బరువు కంటే ఎక్కువ. లోపలికి నీళ్లు చేరే లోపే కారు పడవలా తేలుతుంది. నేల నుంచి కారు అడుగు వరకు ఉండే ఇరవై, పాతిక సెంటీమీటర్లు కూడా కలిపితే మొత్తం దాదాపు రెండడుగులు.

అమెరికా వాతావరణ శాఖ జనానికి చెప్పే లెక్క కూడా ఇదే. పారే నీళ్లు అడుగు లోతు ఉంటే చిన్న కార్లు కొట్టుకుపోతాయి, రెండడుగులు ఉంటే ఎస్‌యూవీలతో సహా దాదాపు అన్ని వాహనాలూ కొట్టుకుపోతాయి. టైర్లు నేలను వదిలేశాక ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్నా, లేకపోయినా ఒకటే. స్టీరింగ్ చేతిలో ఉంటుంది గానీ కారు మాత్రం నీళ్ల చేతిలో ఉంటుంది.

కోనసీమ లంకల్లో ఉండేవాళ్లకు ఈ సంగతి కొత్త కాదు. చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే, అయినవిల్లి మండలంలో ఎదురుబిడియం కాజ్‌వే వరద వచ్చిన ప్రతిసారీ మునుగుతాయి. 2022 జూలైలో ధవళేశ్వరం బ్యారేజీ నుంచి వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అదే సమయంలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. భద్రాచలంలో 1986 ఆగస్టు తర్వాత నీటిమట్టం అంతగా పెరగలేదు. అలాంటప్పుడు కాజ్‌వే మీద నీళ్లు మోకాలి లోతే కదా అని కారు దింపడం అంటే, పైన చెప్పిన లెక్కను ప్రాణం పెట్టి పరీక్షించడమే.

కాల్వలో పడితే.. ఖరీదైన కారులోనే ఎక్కువ కష్టం

డెల్టాలో వరద ఏడాదికి కొన్ని రోజులే. కాల్వలు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. కాటన్ ఆనకట్ట కాలం నుంచీ తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో రోడ్లు చాలావరకు కాల్వగట్ల మీదుగానే వెళ్తాయి. ఒక పక్క చేను, ఒక పక్క కాల్వ. చాలాచోట్ల మధ్యలో గోడ ఉండదు, రెయిలింగ్ ఉండదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి పెద్ద పెద్ద కార్లు భీమవరం, అమలాపురం వైపు బారులు తీరుతాయి. తెల్లవారుజామున మంచు. రోడ్డు అలవాటు లేని డ్రైవర్. రాత్రంతా నిద్ర లేదు. కాల్వలోకి కారు దూసుకెళ్లిందన్న వార్త ఈ జిల్లాలు ఏటా వింటూనే ఉన్నాయి.

ఇక్కడ చాలామందికి తెలియని ఓ విషయం ఉంది. మామూలు కార్ల పక్క అద్దాలు టెంపర్డ్ గ్లాస్‌తో చేస్తారు. మూలన గట్టిగా కొడితే చిన్న చిన్న ముక్కలై రాలిపోతాయి. కానీ లగ్జరీ కార్లలో బయటి శబ్దం లోపలికి రాకుండా, దొంగలు పగలగొట్టకుండా పక్క అద్దాలకూ లామినేటెడ్ గ్లాస్ వాడటం పెరిగింది. అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర. ముందు అద్దం లాగే ఇది కూడా పగుళ్లు పడుతుంది గానీ ఊడిరాదు.

అమెరికాలోని ఆటోమొబైల్ అసోసియేషన్ త్రిబుల్ ఏ 2019లో ఓ పరీక్ష చేసింది. అద్దం పగలగొట్టడానికి మార్కెట్‌లో అమ్మే ఆరు రకాల పరికరాలు తీసుకుంది. టెంపర్డ్ గ్లాస్‌ను నాలుగు పరికరాలు పగలగొట్టాయి. లామినేటెడ్ గ్లాస్‌ను ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. ఇంట్లో ఉన్నట్టు నిశ్శబ్దంగా ఉంటుందని డబ్బు పోసి కొన్న అద్దమే, నీళ్లలో పడ్డప్పుడు తలుపు గడియలా మారుతుంది.

మీ కారు అద్దం ఏ రకమో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. అద్దం కింది మూలన చిన్న అక్షరాల్లో టెంపర్డ్ అనో, లామినేటెడ్ అనో రాసి ఉంటుంది. కొన్ని కార్లలో ముందు తలుపులకు లామినేటెడ్, వెనుక తలుపులకు టెంపర్డ్ ఉంటుంది. అందుకే నాలుగు తలుపులూ, వెనుక డోర్ అద్దం కూడా విడివిడిగా చూసుకోవాలి.

నీళ్లలో పడితే చేయాల్సింది వరుసగా ఇది. ముందు సీటు బెల్టు తీయాలి. వెంటనే అద్దం దించాలి. కారు తేలుతూ ఉండే మొదటి నిమిషంలో పవర్ విండోలు పనిచేసే అవకాశం ఎక్కువ. పిల్లలను ముందు బయటికి పంపాలి, ఆ తర్వాతే పెద్దవాళ్లు. తలుపు తీయడానికి కుస్తీ పడొద్దు, బయటి నీళ్ల ఒత్తిడికి అది రాదు. పొరపాటున వచ్చినా నీళ్లు ఒక్కసారిగా లోపలికి తోసుకొస్తాయి. ఫోన్ చేయడం, సామాను వెతకడం బయటపడ్డాకే.

నీళ్లు దిగాక మొదలయ్యే రెండో నష్టం

మనుషులు క్షేమంగా బయటపడ్డారు, కారు మునిగింది. అప్పుడు చాలామంది చేసే మొదటి పని.. నీళ్లు దిగగానే స్టార్ట్ బటన్ నొక్కడం. కారు పోయేది ఎక్కువగా అక్కడే.

ఇంజిన్ సిలిండర్‌లో పిస్టన్ గాలిని నొక్కుతుంది. గాలి నలుగుతుంది. అదే చోట నీళ్లు ఉంటే? నీళ్లు నలగవు. పిస్టన్ ఆగిపోతుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, కొన్నిసార్లు ఇంజిన్ బ్లాకే పగులుతుంది. దీన్నే హైడ్రోస్టాటిక్ లాక్ అంటారు. మామూలు ఇన్సూరెన్స్ పాలసీ వరదలో తడిసిన నష్టాన్ని ఇస్తుంది గానీ, మునిగిన కారును స్టార్ట్ చేయడం వల్ల పాడైన ఇంజిన్‌కు సాధారణంగా ఇవ్వదు. దానికి ఇంజిన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ ఉండాలి. కోటి రూపాయల కారు కొని, ఆ కాస్త ప్రీమియం దగ్గర వెనక్కి తగ్గేవాళ్లు ఉన్నారు.

2015 డిసెంబర్‌లో చెన్నై మునిగినప్పుడు బీఎండబ్ల్యూలు, ఆడీలు, బెంజ్‌లు అపార్ట్‌మెంట్ల సెల్లార్లలోనే మునిగిపోయాయి. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీలు వాటిని ఆన్‌లైన్ వేలంలో పెడితే అసలు ధరలో చిన్న వంతుకే పోయాయి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్, పాయకాపురం ప్రాంతాలు మునిగాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. అప్పుడు పాడైన బైకులకు రూ.3,000, ఆటోలకు రూ.10,000 చొప్పున ప్రభుత్వం సాయం ప్రకటించింది. పెద్ద కార్ల వాళ్లకు ఇన్సూరెన్స్ కాగితమే దిక్కు.

ఆ కాగితం లెక్క ఎలా ఉంటుందంటే.. కారుకు ప్రతి ఏటా ఐడీవీ అనే విలువ ఉంటుంది. కొన్న మొదటి ఆరు నెలల్లోనే 5 శాతం తగ్గుతుంది. ఏడాదిలోపు 15 శాతం, నాలుగు నుంచి ఐదేళ్ల మధ్య 50 శాతం తగ్గుతుంది. అంటే కోటి రూపాయల కారుకు నాలుగున్నరేళ్లకు వచ్చే విలువ 50 లక్షలే. రిపేరు ఖర్చు ఈ విలువలో 75 శాతం, అంటే 37 లక్షల 50 వేలు దాటితే టోటల్ లాస్ కింద లెక్క. లగ్జరీ ఎస్‌యూవీలో సీట్ల కిందా, డోర్లలో, డ్యాష్‌బోర్డులో పదుల సంఖ్యలో ఎలక్ట్రానిక్ మాడ్యూళ్లు ఉంటాయి. డ్యాష్‌బోర్డు వరకు నీళ్లు వచ్చాయంటే ఆ గీత దాటడం పెద్ద కష్టం కాదు. బయటికి గీత కూడా పడని కారు, లెక్కల్లో చనిపోయినట్టే.

చనిపోయిన కారుకు మళ్లీ పుట్టుక

టోటల్ లాస్ అయిన కారు ఎక్కడికి పోతుంది? ఇన్సూరెన్స్ కంపెనీ ఓనర్‌కు డబ్బు కట్టి, కారును తుక్కు ధరకు అమ్ముతుంది. పాడై ఇక నడవని వాహనం వివరాన్ని 14 రోజుల్లోపు, లేదంటే వీలైనంత త్వరగా ఆర్టీవోకు చెప్పి రిజిస్ట్రేషన్ రద్దు చేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. చాలామంది డబ్బు చేతికొచ్చాక ఆ సంగతే మర్చిపోతారు.

ఆర్‌సీ బతికి ఉండి, కారు చనిపోతే మోసగాళ్లకు పండగే. ఒక రకం మోసంలో, మునిగిన కారునే కడిగి, సీట్లు మార్చి, దూరం జిల్లాలో అమ్మేస్తారు. ఇంకో రకం మరీ ప్రమాదం. తుక్కు కారు ఇంజిన్, ఛాసిస్ నంబర్లను అదే మోడల్ దొంగ కారు మీద కొట్టి, పాత ఆర్‌సీతో రోడ్డెక్కిస్తారు. ఢిల్లీ పోలీసులు ఇలాంటి ముఠాలను పట్టుకున్న సందర్భాలున్నాయి. అలాంటి కారు కొన్నవాడికి పోలీసులు తలుపు తట్టేదాకా విషయం తెలియదు. అప్పుడు కారూ పోతుంది, డబ్బూ పోతుంది, స్టేషన్ చుట్టూ తిరగడం మిగులుతుంది.

సముద్రం అడుగున నాలుగు వేల కార్లు

ఇక నీళ్ల కథల్లో అన్నిటికంటే పెద్దది అట్లాంటిక్‌లో జరిగింది. 2022 ఫిబ్రవరి 16న ఫెలిసిటీ ఏస్ అనే నౌక జర్మనీలోని ఎమ్డెన్ నుంచి అమెరికా వెళ్తుండగా పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల దగ్గర మంటల్లో చిక్కుకుంది. అందులో ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్‌కు చెందిన దాదాపు 4,000 కార్లున్నాయి. పోర్షేలు సుమారు 1,100, బెంట్లీలు 189, లంబోర్గినీలు 85. వాటిలో యూరస్ లాంటి కోట్ల రూపాయల ఎస్‌యూవీలు కూడా ఉన్నాయి. 22 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. రోజుల తరబడి కాలిన నౌకను ఒడ్డుకు లాగుతుండగా మార్చి 1న అది మునిగిపోయింది. అక్కడ లోతు దాదాపు మూడు కిలోమీటర్లు. ఒక్క కారు కూడా కొనుక్కున్నవాడి ఇంటికి చేరలేదు.

గోదావరి మీద కూడా కార్లు నీళ్ల మీద ప్రయాణిస్తాయి. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి పంటు మీద. చుట్టూ తిరిగే రోడ్డు దూరం తగ్గుతుందని బైకులతో పాటు కార్లనూ ఎక్కిస్తారు. అక్కడ కూడా హ్యాండ్ బ్రేక్ వేసి, గేరులో ఉంచి, మనుషులు కిందకు దిగి నిలబడటమే మంచిది. పంటు మీద కారులో ఏసీ వేసుకుని, అద్దాలు ఎత్తుకుని కూర్చుంటే, ఏదైనా జరిగితే పైన చెప్పిన లామినేటెడ్ అద్దం కథే మళ్లీ మొదలవుతుంది.

కాగితం లేని కారు: హైదరాబాద్ నుంచి కొచ్చి దాకా

ఇప్పుడు రెండో కారణానికి వద్దాం. విదేశాల్లో పూర్తిగా తయారై వచ్చే ఖరీదైన కారుకు మన దేశంలో కస్టమ్స్ సుంకమే కారు ధరను మించుతుంది. దాని మీద జీఎస్టీ, ఆ మీద లైఫ్ టాక్స్. ఆ మొత్తం ఎగ్గొట్టాలన్న ఆశతోనే చాలా లగ్జరీ ఎస్‌యూవీల కథ అడ్డం తిరుగుతుంది.

2025 మేలో డీఆర్ఐ అధికారులు హైదరాబాద్‌కు చెందిన ఓ లగ్జరీ కార్ల డీలర్‌ను అరెస్ట్ చేశారు. అధికారుల ఆరోపణ ప్రకారం.. హమ్మర్ ఈవీ, క్యాడిలాక్ ఎస్కలేడ్, ల్యాండ్ క్రూయిజర్, లింకన్ నావిగేటర్ లాంటి 30కి పైగా వాహనాలను అమెరికా, జపాన్‌లలో కొన్నారు. దుబాయ్, శ్రీలంక మీదుగా తిప్పి, ఎడమ వైపు స్టీరింగ్ ఉన్నవాటిని కుడి వైపుకు మార్పించారు. దొంగ పత్రాలతో ధర తక్కువ చూపించి దాదాపు రూ.25 కోట్ల సుంకం ఎగ్గొట్టారు. కేసు తేలాల్సి ఉన్నా, కారు కొన్నవాళ్లకు కూడా చిక్కులే.

అదే ఏడాది సెప్టెంబర్ 23న కేరళలో కస్టమ్స్ శాఖ ఆపరేషన్ నుమ్ఖోర్ పేరుతో సోదాలు చేసింది. నుమ్ఖోర్ అంటే భూటాన్ భాషలో వాహనం అని అర్థం. భూటాన్ సైన్యం వేలం వేసిన పాత ల్యాండ్ క్రూయిజర్లు, డిఫెండర్లు లాంటివి సరిహద్దు దాటి వచ్చాయని, సైన్యం, రాయబార కార్యాలయాల పేర్లతో నకిలీ పత్రాలు పుట్టించి రిజిస్ట్రేషన్లు చేయించారని అధికారులు చెప్పారు. తొలి రోజే 36 వాహనాలు స్వాధీనం చేసుకున్నారు. సినిమా స్టార్ల ఇళ్లలో కూడా సోదాలు జరిగాయి.

మన దగ్గర స్వాధీనం చేసుకున్న కారును సాధారణంగా వేలం వేస్తారు. ఫిలిప్పీన్స్‌లో అప్పటి అధ్యక్షుడు డుటెర్టే అలా కూడా వదల్లేదు. 2018 జూలై 30న అక్రమంగా దిగుమతైన 68 కార్లు, 8 మోటార్ సైకిళ్లను తన కళ్ల ముందే బుల్డోజర్లతో నుజ్జునుజ్జు చేయించారు. లంబోర్గినీ, పోర్షేలు కూడా అందులో ఉన్నాయి. వేలం వేస్తే స్మగ్లర్లే బినామీలతో మళ్లీ కొనుక్కుంటున్నారన్నది అక్కడి ప్రభుత్వ వాదన.

మన మధ్యలోనే ఓ పన్ను సరిహద్దు

కాకినాడ జిల్లా, కోనసీమల మధ్య గోదావరి ఒడ్డున యానాం ఉంది. ఊరు మన డెల్టాలో, పాలన పుదుచ్చేరిలో. బండి నంబర్ పీవై 04తో మొదలవుతుంది. ఆంధ్రాలో కారు ధర బట్టి 13 నుంచి 18 శాతం దాకా లైఫ్ టాక్స్ కట్టాలి. కోటి రూపాయల కారుకు అది 18 లక్షలు. పుదుచ్చేరిలో పన్ను చాలా తక్కువ. 2017లో కేరళలో గొడవ మొదలైనప్పుడు, అక్కడ 20 లక్షలు దాటిన కారుకు కట్టేది 55 వేలేనని తేలింది.

దాంతో పుదుచ్చేరిలో ఉండకుండానే అక్కడి అద్దె ఇంటి చిరునామా చూపించి రిజిస్ట్రేషన్ చేయించుకున్నారంటూ కేరళలో సినీ ప్రముఖులతో సహా చాలామందిపై కేసులు పెట్టారు. నిజంగా యానాంలో ఉండేవాళ్లు అక్కడ రిజిస్టర్ చేయించుకోవడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా రాజమండ్రిలో ఉంటూ యానాం చిరునామా చూపిస్తేనే. వేరే రాష్ట్రం బండిని 12 నెలలు మించి ఇక్కడ ఉంచితే కొత్త నంబర్ తీసుకుని, ఇక్కడి పన్ను కట్టాలన్నది చట్టం. ఇన్సూరెన్స్ క్లెయిమ్ వచ్చిన రోజు కూడా దొంగ చిరునామా మెడకు చుట్టుకుంటుంది.

ఢిల్లీ నంబర్‌తో చౌకగా వచ్చిన బెంజ్

ఈ మధ్య గోదావరి జిల్లాల్లో ఢిల్లీ నంబర్ ఎస్‌యూవీలు చౌకగా వస్తున్నాయన్న మాట వినిపిస్తోంది. ఎందుకు చౌక? ఢిల్లీలో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ వాహనాలు తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025 జూలై 1 నుంచి అలాంటి వాహనాలకు బంకుల్లో డీజిల్, పెట్రోల్ పోయకూడదన్నారు. జనం గగ్గోలు పెట్టడంతో కొద్ది రోజులకే ఆపారు. ఆగస్టు 12న వాహన యజమానులపై కఠిన చర్యలు వద్దని సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఈలోపు భయపడి, బాగా నడుస్తున్న లగ్జరీ కార్లను అయినకాడికి అమ్ముకున్నవాళ్లు చాలామంది.

అలాంటి కారు కొనడం తప్పు కాదు. అయితే ఢిల్లీ ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ, లోన్ తీరినట్టు బ్యాంకు కాగితం, ఇక్కడి లైఫ్ టాక్స్, ఇవన్నీ కలిపి చూస్తే చౌక బేరం ఎంత మిగులుతుందో తెలుస్తుంది. కొన్నింటికి స్పేర్ పార్టులు దొరకడమే గగనం.

వాడకుండానే వార్తల్లోకెక్కిన 22 కార్లు

కొన్ని లగ్జరీ ఎస్‌యూవీలు రోడ్డెక్కకముందే వార్త అయిపోతాయి. 2023 డిసెంబర్ 27న తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఓ మాట చెప్పారు. గత ప్రభుత్వం 22 ల్యాండ్ క్రూయిజర్లు కొని విజయవాడలో దాచిందని, మూడోసారి గెలిస్తే వాడుకోవాలనుకుందని, బుల్లెట్ ప్రూఫ్ పనులతో కలిపి ఒక్కోటి మూడు కోట్లు అవుతుందని ఆరోపించారు. రాజకీయ వాదనలు ఎలా ఉన్నా, ఎన్నికల ఫలితం వచ్చేసరికి ఆ కార్లు పక్క రాష్ట్రంలో ఉండిపోయాయి.

ఇంకొన్ని పోలీస్ స్టేషన్ ఆవరణలో ముగుస్తాయి. కేసులో పట్టుబడ్డ వాహనం కోర్టు తీర్పు వచ్చేదాకా ఎండకు ఎండి, వానకు తడిసి, టైర్లలో గడ్డి మొలుస్తుంది. వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచొద్దని, ఫొటోలు తీసి, బాండు తీసుకుని త్వరగా విడుదల చేయాలని 2002లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కొత్త చట్టం బీఎన్ఎస్ఎస్ 497వ సెక్షన్‌లో కూడా దానికి గడువులు పెట్టారు. అయినా ఏ స్టేషన్ ముందు చూసినా తుప్పు పట్టిన కార్లు కనిపిస్తూనే ఉన్నాయి.

అన్నిటికంటే గౌరవంగా సాగనంపింది మాత్రం లగ్జరీ కారును కాదు. 2024 నవంబర్‌లో గుజరాత్ అమ్రేలీ జిల్లా పాదర్‌శింగా గ్రామంలో ఓ కుటుంబం తమకు కలిసొచ్చిందని నమ్మిన పాత వ్యాగన్ ఆర్‌ను పూలతో అలంకరించి, పూజలు చేసి, పొలంలో గొయ్యి తీసి సమాధి చేసింది. ఊరందరికీ భోజనాలు పెట్టింది. ఖర్చు దాదాపు 4 లక్షలు.

సెకండ్ హ్యాండ్ లగ్జరీ ఎస్‌యూవీ కొనేముందు ఇవి చూడండి

సీటు బెల్టును చివరిదాకా లాగండి. లోపలి భాగంలో బురద మరక ఉంటే కారు మునిగినట్టే. స్టెపినీ కింద, సీట్ల పట్టాల మీద తుప్పు, ఒండ్రు ఉన్నాయేమో చూడండి. లైట్ల లోపల తేమ, కారులో ముక్క వాసన వస్తే అనుమానించాల్సిందే.

కారు మీద ఉన్న ఛాసిస్ నంబర్‌నూ, ఆర్‌సీలో ఉన్న నంబర్‌నూ అక్షరం అక్షరం పోల్చండి. పరివాహన్ సైట్‌లో ఆర్‌సీ బతికుందా, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా, లోన్ ఉందా చూడండి. కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అదే ఛాసిస్ నంబర్ చెప్పి పాత రిపేర్ల చరిత్ర అడగండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లు ఉన్నాయేమో కనుక్కోండి.

విదేశీ కారైతే బిల్ ఆఫ్ ఎంట్రీ, కస్టమ్స్ సుంకం కట్టిన రసీదు చూపించమనండి. అవి లేవు, తర్వాత ఇస్తాం అంటే బేరం అక్కడే ఆపేయండి.

ఇక కాల్వగట్టు రోడ్డెక్కే ముందు పిల్లల వైపున్న అద్దం మూలన ఏం రాసి ఉందో ఒక్కసారి చదవండి. కారు పోతే ఇన్సూరెన్స్ ఎంతో కొంత ఇస్తుంది. పోయిన మనిషిని తిరిగి ఇచ్చే పాలసీ ఏ కంపెనీ దగ్గరా లేదు.